సలమాంకాలో స్పానిష్ చదువు: శనివారం ట్రిప్పులకు డబ్బు పెట్టాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 25 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లె, హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. స్పానిష్ వస్తే జీతం పెరుగుతుందని సాయంత్రం క్లాసులకు వెళ్ళి ఏ2, అంటే రెండో స్థాయి, పూర్తిచేశాను. దాచుకున్న డబ్బుతో వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది వారాలు స్పెయిన్‌లోని సలమాంకాలో ఒక లాంగ్వేజ్ స్కూల్లో చేరుతున్నాను. ఒక కుటుంబంతో ఉంటాను. ఫీజు కాక స్కూల్ వాళ్ళు ఇంకో జాబితా పంపారు. బుధవారం సాయంత్రాలు ఊళ్ళో చారిత్రక ప్రదేశాలకు నడక, వీటికి తక్కువే. శనివారాలు బస్సు ట్రిప్పులు: ఆవిలా, సెగోవియా కలిపి ఒకటి, లా అల్బెర్కా, సియుదాద్ రోద్రిగో, టొలేడో, పోర్చుగల్‌లోని పోర్తో. ఒక్కోటి 45 యూరోల నుంచి మొదలు. అన్నీ ముందే కడితే తగ్గింపు అంటున్నారు. మా నాన్న "చదువుకోడానికి పోతున్నావా, తిరుగుళ్ళకా?" అంటున్నారు. నాకు చరిత్ర పెద్దగా తెలీదు. గైడ్ మాటలు అర్థమవుతాయో లేదో, పదిమందిలో నోరు తెరవగలనో లేదో అని టెన్షన్. గుడ్డు తింటాను, మాంసం, చేపలు తినను. ఏవి కట్టాలి, ఏవి మానాలి?

సమాధానం: మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్నే. లాంగ్వేజ్ స్కూళ్ళు అమ్మే ట్రిప్పుల్లో చాలావరకు నిజంగానే తిరుగుళ్ళు. యాభై మంది బస్సెక్కుతారు, దారంతా ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటారు, దిగి ఫొటోలు తీసుకుంటారు, తిరుగు ప్రయాణంలో నిద్రపోతారు. ఆ రోజు మొత్తమ్మీద మీరు మాట్లాడే స్పానిష్ కాఫీ అడగడం, బాత్రూమ్ ఎక్కడో కనుక్కోవడం దాటదు. దానికి మన డబ్బుల్లో నాలుగు వేల పైచిలుకు పెట్టడం దండగ. కానీ మిగిలిన కొన్ని ఉన్నాయి చూశారూ, అవి మాత్రం మీ స్థాయిలో ఉన్నవాళ్ళకి క్లాసుకంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఏ2 నుంచి దాని పై స్థాయి బి1కి వెళ్ళేటప్పుడు దాదాపు అందరూ ఆగిపోయేది భూతకాలం దగ్గర. స్పానిష్‌లో అయిపోయిన పనికి ఒక రూపం, అప్పట్లో అలా జరుగుతూ ఉండేదని చెప్పడానికి ఇంకో రూపం. నిజానికి తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. వచ్చాడు, వచ్చేవాడు అని మనం ఆలోచించకుండానే వేరుచేస్తాం. ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం వల్లే అది కొండలా కనిపిస్తోంది. చరిత్ర చెప్పే మనిషి గంటన్నరపాటు ఈ రెండు రూపాలతోనే మాట్లాడతాడు: విద్యార్థులు ఈ బల్లల మీదే కూర్చునేవారు, చలికి వణికేవారు, 1572లో ఒకరోజు వచ్చి పంతుల్ని పట్టుకుపోయారు. అభ్యాస పుస్తకంలో ఖాళీలు పూరించేటప్పుడు కుదరని తేడా, ఎదురుగా ఆ బల్లలు కనిపిస్తుంటే చెవికి అందుతుంది. మీరు ట్రిప్పుని చూడాల్సిన కొలత ఇదే. ఎంత అందమైన ఊరు అని కాదు, అక్కడ ఎంతసేపు స్పానిష్ వింటాను, ఎంతసేపు మాట్లాడతాను అని.

ఈ కొలతతో చూస్తే బుధవారం నడకలన్నీ కట్టేయొచ్చు. ఒక్కటి కూడా మానకండి. బస్సు లేదు, గుంపు చిన్నది, చూసినచోటికే మర్నాడు ఒంటరిగా వెళ్ళి విన్నది మళ్ళీ నెమరేసుకోవచ్చు. పైగా మీరు ఎంచుకున్న ఊరు మామూలు ఊరు కాదు. లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో 1218లో ఇక్కడ విశ్వవిద్యాలయం పెట్టాడు. నేటికీ నడుస్తున్న స్పెయిన్ విశ్వవిద్యాలయాల్లో అదే పాతది. దగ్గర్లోని విల్యామయోర్ గనుల ఇసుకరాయితో కట్టడం వల్ల సాయంత్రం ఎండలో ఊరంతా పసుప్పచ్చగా మెరుస్తుంది. పాత ఊరిని 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడాల్సినవన్నీ దాదాపు నడక దూరంలోనే ఉంటాయి.

మొదటి నడకలో మిమ్మల్ని తప్పకుండా విశ్వవిద్యాలయం ముఖద్వారం ముందు నిలబెట్టి కప్పని వెతకమంటారు. పదహారో శతాబ్దంలో చెక్కిన ఆ గోడ నిండా లతలు, మనుషులు, మృగాలు. అందులో ఒక పుర్రె మీద చిన్న కప్ప ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్ష పాసవుతాడని నమ్మకం. ఇదేం పిల్లచేష్ట అనుకోకండి. ఇంకా పైన, కుడివైపు, ఆ స్తంభం మీద, కాదు దాని కింద అని ఒకరికొకరు చూపించుకునే ఆ పది నిమిషాల్లో దిక్కులు చెప్పే మాటలన్నీ నోటికొస్తాయి. మీకు ముందే దొరికినా చెప్పేయకండి, పక్కవాళ్ళకి స్పానిష్‌లో దారి చూపించండి.

లోపల ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్ పాఠం చెప్పిన గది ఉంది. ఆయన సన్యాసి, కవి, ఇక్కడ ప్రొఫెసర్. బైబిల్లోని పరమగీతాన్ని జనం మాట్లాడే భాషలోకి తెచ్చాడనీ, చర్చి ఆమోదించిన లాటిన్ పాఠంకంటే హీబ్రూ మూలానికి విలువిచ్చాడనీ ఇన్‌క్విజిషన్ అనే మత విచారణ కోర్టు వాళ్ళు 1572లో పట్టుకుపోయారు. దాదాపు అయిదేళ్ళు వయదోలిద్‌లో జైల్లో ఉన్నాడు. విడుదలై వచ్చి, మొదటి పాఠాన్ని "నిన్న మనం చెప్పుకున్నట్టు..." అని మొదలుపెట్టాడని కథ. జరిగిందనడానికి ఆధారం లేదు, అయినా చెప్పకుండా ఉండే గైడ్ లేడు. చెక్కీ చెక్కని దూలాల్లా ఉండే ఆ బల్లల్ని చూశాక, మీ క్లాసులో కుర్చీ గట్టిగా ఉందని ఫిర్యాదు చేయరు. అన్నట్టు, మీరు తిట్టుకుంటూ చదివే వ్యాకరణానికి తొలి పుస్తకం కూడా ఈ ఊళ్ళోనే వచ్చింది. ఇక్కడ చదువుకుని ఇక్కడే పాఠాలు చెప్పిన ఆంతోనియో దె నెబ్రిహా రాసిన కాస్తీలియన్, అంటే స్పానిష్, వ్యాకరణం 1492లో సలమాంకాలో అచ్చయింది.

విశ్వవిద్యాలయం ఎదురుగానే ఒక చిన్న ప్రాంగణంలో 'సలమాంకా ఆకాశం' అనే చిత్రం ఉంది. చాలామంది హడావుడిగా దాటిపోతారు, మీరు ఆగండి. పదిహేనో శతాబ్దంలో ఫెర్నాందో గయేగో అనే చిత్రకారుడు పాత గ్రంథాలయం పైకప్పు మీద వేసిన నక్షత్ర మండలంలో మిగిలిన ముక్క ఇది. గది చీకటిగా ఉంటుంది, కళ్ళు అలవాటుపడడానికి కొంచెం టైమ్ పడుతుంది. తర్వాత సింహం, కన్య, తుల, వృశ్చికం, ధనుస్సు వరసగా కనిపిస్తాయి. రాశులు తెలిసిన మనవాళ్ళకి గైడ్ అక్కర్లేదు, మీ రాశి ఉందో లేదో చూసుకుని పక్కవాళ్ళకి చెప్పడమే ఒక సంభాషణ. ఆ కాలంలో ఈ ఊళ్ళోనే అబ్రహాం జకూతో అనే యూదు ఖగోళ శాస్త్రవేత్త గ్రహగతుల పట్టికలు తయారుచేశాడు. 1492లో యూదుల్ని స్పెయిన్ నుంచి వెళ్ళగొడితే పోర్చుగల్ చేరాడు. వాస్కో డ గామా కాలికట్‌కి దారి పట్టినప్పుడు ఆ పట్టికలు ఉపయోగపడ్డాయి. మన దేశానికొచ్చిన ఓడ కథలో ఒక కొస ఈ వీధుల్లో ఉందన్నమాట. "మీది ఏ దేశం" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి తాజ్ మహల్‌కంటే ఇది బాగుంటుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే ఒక విద్యార్థి చూసితీరాల్సింది పాత కతెద్రల్ (ఊరి పెద్ద చర్చి) మండపంలో ఉన్న సాంతా బార్బరా గుడి. చిన్న గది, మధ్యలో ఒక బిషప్ సమాధి. వందల ఏళ్ళపాటు విశ్వవిద్యాలయం పట్టా పరీక్ష ఇక్కడే జరిగేది. అభ్యర్థి ముందురోజు రాత్రంతా ఒంటరిగా ఈ గదిలో కూర్చుని, ఆ రాతి బిషప్ పాదాలకి తన పాదాలు ఆనించి చదువుకునేవాడట, అలా చేస్తే తెలివి వస్తుందని. మర్నాడు ప్రొఫెసర్లు చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేసేవారు. గెలిచినవాడు పెద్ద గుమ్మంలోంచి ఊరేగింపుగా వెళ్ళి ఊరందరికీ విందు ఇవ్వాలి. తప్పినవాడిని బళ్ళు వెళ్ళే వెనక గుమ్మంలోంచి పంపేవారు, అక్కడ కాచుకున్న జనం చెత్త విసిరేవారు. పట్టా వచ్చినవాళ్ళ పేర్లు ఎద్దు రక్తం కలిపిన ఎర్ర రంగుతో గోడల మీద రాసేవారు, ఆ ఎర్ర రాతలు ఇప్పటికీ ఊరంతా కనిపిస్తాయి. ఈ కథ మొత్తం 'అప్పట్లో ఇలా చేసేవారు' అనే రూపంలోనే నడుస్తుంది. విని ఇంటికి వెళ్ళి, భోజనం దగ్గర ఇంటావిడకి మీ మాటల్లో చెప్పండి. ఆవిడకి తెలిసిన కథే కాబట్టి మీరు తడబడినచోట అందిస్తుంది. తర్వాత మన ఇంటర్ పరీక్షల రోజు పొద్దున ఇళ్ళలో జరిగే దేవుడి దండాలు, పెరుగూ పంచదారల గురించి మీరు చెప్పొచ్చు.

కొత్త కతెద్రల్ గుమ్మం దగ్గర రాతిలో చెక్కిన వ్యోమగామిని చూపిస్తారు. పదహారో శతాబ్దపు శిల్పి అంతరిక్షాన్ని ఊహించాడని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, అది 1992లో మరమ్మతులప్పుడు చెక్కింది. రోమన్ వంతెన దగ్గర తల లేని రాతి ఎద్దు ఉంది. 1554 నాటి ముద్రణలున్న 'లాసరియ్యో దె తోర్మెస్' నవలలో గుడ్డివాడు తన దగ్గర పనికి చేరిన కుర్రాడితో, ఎద్దుకి చెవి ఆనిస్తే లోపల పెద్ద చప్పుడు వినిపిస్తుందని చెప్పి, వాడు నమ్మి వంగగానే తలని రాతికేసి కొడతాడు. లోకం తీరు నేర్చుకో అని. సులభ స్పానిష్‌లోకి మార్చిన ప్రతులు దొరుకుతాయి, వెళ్ళేముందు ఆ ఒక్క అధ్యాయం చదవండి. మీరు చదివిన చోటునే నిలబడి వింటే మొదటిసారి గైడ్ మాటలు పూర్తిగా అర్థమవుతాయి. ఆ ధైర్యం మిగతా నడకలకి పనికొస్తుంది.

ఇటీవలి చరిత్ర కొంచెం సున్నితం. 1936లో మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధం తొలి రోజుల్లో, తర్వాత నియంత అయిన సైనిక నాయకుడు ఫ్రాంకో తన ప్రధాన స్థావరం సలమాంకాలో, బిషప్ భవనంలో పెట్టుకున్నాడు. 1936 అక్టోబర్ 12న విశ్వవిద్యాలయం సభలో దాని అధిపతి (రెక్టర్), రచయిత మిగెల్ దె ఉనామునో ఫ్రాంకో వైపు సైనికాధికారి మియ్యాన్ ఆస్త్రాయ్‌కి ఎదురు మాట్లాడాడు. అన్న మాటలు అక్షరాలా ఏమిటన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. పదవి పోయింది, ఆ ఏడాది చివరి రోజున ఇంట్లోనే చనిపోయాడు. 1755లో పూర్తయిన ప్లాసా మయోర్ చౌకంలో తోరణాల మధ్య రాజుల, ప్రముఖుల ముఖాలు చెక్కి ఉంటాయి. వాటిలో ఫ్రాంకో ముఖాన్ని 2017లో తీసేశారు. అంతర్యుద్ధ పత్రాలు దాచిన ఆర్కైవ్ కూడా ఊళ్ళోనే ఉంది. వీటి గురించి టీచర్‌ని ఎన్ని ప్రశ్నలైనా అడగండి. ఇంట్లో మాత్రం తొందరపడొద్దు, ఏ కుటుంబం ఏ వైపు నిలబడిందో మనకి తెలీదు. వాళ్ళంతట వాళ్ళు మొదలుపెడితే వినండి.

ఇక శనివారాలు. ఇక్కడ నా లెక్క వేరు: మీరు సొంతంగా సులువుగా వెళ్ళగలిగిన చోటికి స్కూల్‌కి డబ్బు కట్టొద్దు, సొంతంగా వెళ్ళడం కష్టమైన చోటికి కట్టండి.

అందుకే మొదటి ఓటు లా అల్బెర్కాకి. సలమాంకాకి దక్షిణంగా 75 కిలోమీటర్ల దూరంలో కొండల్లో ఉన్న పల్లె. కర్ర దూలాల మధ్య రాయి నింపి కట్టిన ఇళ్ళు, వీధి మీదికి వాలే పై అంతస్తులు. స్పెయిన్‌లో జాతీయ చారిత్రక కట్టడంగా 1940లో ప్రకటించిన మొదటి పల్లె ఇదే. బస్సులు తక్కువ, దారి మెలికలు, మీకు మీరుగా వెళ్తే రోజంతా టైమ్ చూసుకోవడమే సరిపోతుంది. అక్కడ ఏటా జూన్‌లో ఒక పందిపిల్లని దీవించి వీధిలోకి వదులుతారు. ఊరందరూ దానికి తిండి పెడతారు, జనవరిలో సెయింట్ ఆంథోనీ పండగకి లాటరీలో ఎవరికో ఒకరికి దక్కుతుంది. మీరు వెళ్ళేది ఏప్రిల్, మే కాబట్టి పంది ఎదురుపడకపోవచ్చు. ఎదురైతే ఊరి అమ్మవారికి వదిలిన దున్నపోతుని చూసినవాళ్ళకి వింతేం కాదు. సాయంత్రం ఒక స్త్రీ గంట మోగిస్తూ చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించమని వీధులు తిరిగే ఆచారం ఇంకా ఉంది. బస్సు త్వరగా బయల్దేరితే అది కనిపించదు, ఆ విషయం ముందే అడగండి. తేనె, బాదం మిఠాయిలు అమ్మే దుకాణాల్లో ఆడవాళ్ళు బాగా కబుర్లు చెబుతారు. నిజమైన స్పానిష్ అక్కడ మాట్లాడతారు మీరు, గైడ్ దగ్గర కాదు.

రెండోది సియుదాద్ రోద్రిగో. పోర్చుగల్ సరిహద్దు దగ్గర కోట ఊరు. 1812 జనవరిలో బ్రిటిష్ సేనాని వెలింగ్టన్ నెపోలియన్ సైన్యం నుంచి దీన్ని గెలుచుకున్నాడు. అంతకు కొన్నేళ్ళ ముందు, 1803లో, దక్కన్‌లో అస్సాయే యుద్ధంలో మరాఠాల మీద గెలిచింది కూడా ఈయనే, అప్పటికి ఆర్థర్ వెలెస్లీ. కోట గోడ మీద పూర్తిగా నడవచ్చు, ఊరు చిన్నది, గుంపు చెల్లాచెదురు కాదు. దీనికి బస్సు సౌకర్యం ఉంది కాబట్టి డబ్బు తక్కువైతే స్కూల్‌తో కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళొచ్చు.

ఆవిలా, సెగోవియా రెండూ ఒకే రోజులో అన్నది నాకు అస్సలు నచ్చదు. రెండూ గొప్పవే. ఆవిలాకి చుట్టూ రెండున్నర కిలోమీటర్ల మధ్యయుగపు ప్రాకారం చెక్కుచెదరకుండా ఉంది, క్రైస్తవ సన్యాసిని, రచయిత్రి సాంతా తెరేసా పుట్టిన ఊరు. సెగోవియాలో రోమన్లు కట్టిన నీటి కాలువ, సున్నం లేకుండా పేర్చిన రాళ్ళతో ఎత్తైనచోట దాదాపు 28 మీటర్లు. 1474లో ఇసబెల్‌ని కాస్తీలియ రాజ్యానికి రాణిగా ప్రకటించింది కూడా ఆ ఊళ్ళోనే. కానీ రెంటినీ ఒక్క రోజులో చుట్టేస్తే దిగడం, ఎక్కడం తప్ప ఏమీ మిగలదు. ఆవిలాకి సలమాంకా నుంచి రైలుంది, గంట పైచిలుకు ప్రయాణం. ఒక ఆదివారం క్లాసులో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. టికెట్ కొనడం, ప్లాట్‌ఫామ్ కనుక్కోవడం, గోడ ఎక్కే గుమ్మం ఎక్కడో అడగడం, ఇవన్నీ మీరే చేస్తారు కాబట్టి నోరు తెరవక తప్పదు. సెగోవియా కావాలంటే మాడ్రిడ్ నుంచి దగ్గర, తిరిగొచ్చే ముందు అక్కడ ఒక రోజు ఉంటే చూడొచ్చు.

టొలేడో వద్దు, పోర్తో అసలే వద్దు. ఊళ్ళు బాగోక కాదు. రానూపోనూ చాలా గంటలు బస్సులో పోతాయి, పోర్తోలో మాట్లాడేది పోర్చుగీసు. కష్టపడి నేర్చుకున్న స్పానిష్‌కి ఆ శనివారం సెలవు ఇచ్చినట్టు. అలాగే సాయంత్రం 'ఫ్లమెన్కో నైట్' అంటే ఎగబడకండి. ఫ్లమెన్కో దక్షిణాన ఆండలూసియాది. ఈ ప్రాంతానిది, ఒకే మనిషి ఒక చేత్తో పిల్లనగ్రోవి ఊదుతూ రెండో చేత్తో డోలు కొట్టే సంగీతం. అది ఎక్కడ ఉందో స్కూల్ వాళ్ళని అడగండి, వాళ్ళ మొహాల్లో సంతోషం చూస్తారు. ఎద్దుల ఫారమ్‌కి, ఎద్దుల పోరుకి తీసుకెళ్తామంటే ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా రానని చెప్పండి. స్పెయిన్ వాళ్ళలోనే దాన్ని అసహ్యించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మీ ఏప్రిల్‌లో ఒక పండగ పడొచ్చు. ఈస్టర్ దాటిన వారం తర్వాత సోమవారం 'లూనెస్ దె ఆగువాస్'. ఒకప్పుడు ఉపవాస దినాల్లో ఊళ్ళోని వేశ్యల్ని నది అవతలకి పంపి, పండగయ్యాక ఈ రోజున విద్యార్థులు పడవల్లో వెళ్ళి తీసుకొచ్చేవారని చెబుతారు. ఇప్పుడు కుటుంబాలు, స్నేహితులు తోర్మెస్ ఒడ్డున గడ్డి మీద కూర్చుని మాంసం కూరిన రొట్టె 'ఒర్నాసో' తింటారు. మీరు తినలేరు, అందులో పంది మాంసమే ముఖ్యం. కానీ ఆ రోజు ఖర్చు లేకుండా ఊరివాళ్ళ మధ్య కూర్చునే అవకాశం ఏ స్కూల్ ట్రిప్పూ ఇవ్వదు.

తిండి గురించి నిజం చెప్పాలంటే సలమాంకా శాకాహారులకి తేలికైన ఊరు కాదు. పక్కనున్న గిహుయెలో పంది తొడ మాంసానికి పేరుపడిన ఊరు. "శాకాహారిని" అంటే సరేనని చెప్పి ట్యూనా చేప వేసిన సలాడ్ పెడతారు. అందుకని ఒక్క మాటతో ఆగకుండా "నీ కార్నె, నీ పెస్కాదో, నీ హామోన్" అని మూడూ విడివిడిగా చెప్పండి: మాంసం వద్దు, చేప వద్దు, హామ్ వద్దు అని. శనగల సూపులో, క్రోకెతాలనే వేపుడు ఉండల్లో, మెత్తగా చిదిమిన బంగాళాదుంపల మీద కూడా హామ్ ముక్కలు ఉంటాయి. మీకు గుడ్డు ఫర్వాలేదు కాబట్టి బంగాళాదుంపల ఆమ్లెట్ 'తోర్తియ్యా' మిమ్మల్ని కాపాడుతుంది. ట్రిప్ రోజుకి ఇంటావిడకి ముందురోజు రాత్రే చెబితే దాన్నే బ్రెడ్డులో పెట్టి కట్టిస్తుంది. హైదరాబాద్ నుంచి ఒక చిన్న పొట్లం కారప్పొడి పట్టుకెళ్ళండి, చప్పిడి తిండి మూడో వారంలో నిజంగా విసుగెత్తిస్తుంది.

గైడ్ మాటలు అర్థం కావేమోనని మీ భయం. మొదటిసారి సగమే అర్థమవుతాయి, అది మామూలే. ముందురోజు ఆ చోటు గురించి తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక పేజీ చదవండి. కథ ముందే తెలిస్తే చెవి భాష మీద ఉంటుంది. గోడ, గోపురం, శతాబ్దం, రాణి, కట్టించాడు, కూలిపోయింది లాంటి ఓ పదిహేను మాటలు రాసుకోండి. సంవత్సరాలు బిగ్గరగా చదవడం సాధన చేయండి. ఇంగ్లీషులోలా రెండేసి అంకెలుగా విడగొట్టి చెప్పరు, 1492ని వెయ్యి, నాలుగు వందలు, తొంభై, రెండు అని సాగదీస్తారు, మీరు లెక్కేసుకునేలోపు గైడ్ రెండో వాక్యానికి వెళ్ళిపోతాడు. ఇంకొకటి, మీ హైదరాబాద్ టీచర్ లాటిన్ అమెరికా ఉచ్చారణ నేర్పి ఉంటే, ఇక్కడ కొన్నిచోట్ల 'స'కి బదులు నాలుక పళ్ళ మధ్య పెట్టి పలకడం మొదట్లో తికమకపెడుతుంది. వారంలో అలవాటవుతుంది.

పదిమందిలో అడగలేకపోతే పదిమందిలో అడగొద్దు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడిచేటప్పుడు గైడ్ పక్కన నడవండి. ఇంటి దగ్గరే తయారుచేసుకున్న ఒక్క ప్రశ్న అడగండి, చాలు. బస్సులో ఇంగ్లీషు గుంపుకి దూరంగా, ఇంగ్లీషు అంతగా రాని జపాన్ అమ్మాయి పక్కనో, బ్రెజిల్ అబ్బాయి పక్కనో కూర్చోండి, ఇద్దరికీ స్పానిష్ తప్ప దారి ఉండదు. రికార్డు చేయొచ్చా అని అడిగి అయిదు నిమిషాల మాట ఫోన్‌లో పెట్టుకుని రాత్రి మళ్ళీ వినండి. సోమవారం పది వాక్యాలు రాసి టీచర్‌కి చూపించండి, రెండు భూతకాలాలూ అందులో ఉండాలి. ఈ పని చేయని ట్రిప్పుకి మీ నాన్నగారి మాటే కరెక్ట్.

వీసా సంగతి ఒక్క మాట. ఎనిమిది వారాలకి షెన్‌గెన్ (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి) షార్ట్ స్టే వీసా మీద వెళ్తుంటే, పోర్చుగల్ కూడా దానిలోకే వస్తుంది. కానీ దక్షిణానికి వెళ్ళిన స్నేహితులు ఓడ మీద మొరాకో వెళ్ళొద్దాం అంటే జాగ్రత్త. మీది సింగిల్ ఎంట్రీ అయితే ఒకసారి బయటికి వెళ్ళాక తిరిగి రానివ్వరు. ఊరు దాటినప్పుడల్లా పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. సలమాంకా సముద్ర మట్టానికి 800 మీటర్ల ఎత్తులో ఉంది, ఏప్రిల్ పొద్దుటిపూట చలికి స్వెట్టర్ కావాలి. గులకరాళ్ళ వీధులకి చెప్పులు పనికిరావు.

డబ్బు కట్టేముందు స్కూల్‌కి ఇవాళే మెయిల్ రాయండి, స్పానిష్‌లోనే. గైడ్ ఏ భాషలో చెబుతాడు, గుంపులో ఎంతమంది ఉంటారు, ప్రవేశ టికెట్లు కలిపేనా, ఎంతసేపు నడిపించి ఎంతసేపు వదిలేస్తారు అని అడగండి. మొదటి రోజు ఊరు చూపించే నడక చాలా స్కూళ్ళలో ఫీజులోనే ఉంటుంది, దానికి మళ్ళీ కట్టించుకుంటున్నారేమో చూసుకోండి. తగ్గింపు ఇస్తామన్నా శనివారాలన్నీ ముందే కట్టొద్దు. బుధవారాలు కట్టి, లా అల్బెర్కా ఒక్కటి రాయించుకుని వెళ్ళండి. మిగతావి అక్కడికి వెళ్ళాక, అప్పటికే ఒక ట్రిప్ చేసొచ్చిన క్లాస్‌మేట్‌ని గైడ్ ఎంతసేపు మాట్లాడాడో అడిగి తేల్చుకోండి. చాలా స్కూళ్ళలో సీట్లు గురువారం దాకా దొరుకుతూనే ఉంటాయి.